మీ ఇంటి గీజరు క్షేమమేనా?

కార్తీకమాసం దాటిందంటే హైదరాబాదులో తెల్లవారుజామున చన్నీళ్ళు ముట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. పసిపిల్లలకు, బాలింతలకు, కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళకు వేడినీళ్ళు తప్పనిసరి. పూర్వం పెరట్లో కట్టెల పొయ్యిమీద రాగి కాగులోనో, బొగ్గుల బాయిలరులోనో నీళ్ళు కాగేవి. నిప్పు కళ్ళకు కనబడేది. పొగ ఆరుబయట గాలిలో కలిసిపోయేది. "అటు వెళ్ళకురా, కాలుతుంది" అని పిల్లవాణ్ణి ఒక కేక వేస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ పొయ్యి స్నానాల గదిలోకి వచ్చి, గోడకెక్కి, ఒక తెల్లటి డబ్బాలో దాక్కుంది. నిప్పు కనబడదు కాబట్టి భయమూ పోయింది.

భయపడమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గీజరు మంచి సాధనమే. అయితే దాన్ని కనిపెట్టి ఉండే కాపలాలు మూడున్నాయి. ఒకటి ఎర్తు, రెండు సేఫ్టీ వాల్వు, మూడు కిటికీ. ఈ మూడూ సరిగా ఉన్నంతకాలం మీ ఇంటిల్లిపాదీ నిశ్చింతగా స్నానం చేయవచ్చు. వాటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రమాదం చెప్పి రాదు. ముఖ్యంగా బోరు నీళ్ళు వాడే ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలవారు ఈ విషయంలో మిగతావారికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో చూద్దాం.

బండరాతి నీళ్ళు

ఉప్పల్, నాచారంలలో పారిశ్రామికవాడల చుట్టూ ఒక్కొక్కటిగా కాలనీలు వెలిశాయి. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. జలమండలి పైపుల్లో వచ్చే నీళ్ళు కృష్ణవైనా, గోదావరివైనా చాలామంది నోట అవి ఇప్పటికీ "మంజీరా నీళ్ళే". వాటిని తాగడానికీ, వంటకూ భద్రంగా పట్టుకుంటారు. స్నానానికి, బట్టలకు, అంట్లకు మాత్రం చాలా ఇళ్ళల్లో బోరు నీళ్ళే గతి. కొన్ని అపార్టుమెంట్లలో రెండూ ఒకే సంపులో కలిసి మిద్దెమీది ట్యాంకుకు ఎక్కుతాయి.

ఈ ప్రాంతమంతా గ్రానైటు రాతినేల. దాదాపు 250 కోట్ల సంవత్సరాలనాటి రాయి అది. వాననీరు ఆ రాతి పగుళ్ళలో మెల్లగా ఇంకుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను తనలో కరిగించుకుంటుంది. అదే కఠినజలం, మన వాడుకలో "ఉప్పు నీళ్ళు". సబ్బు నురగరాదు. కుళాయి మూతిచుట్టూ తెల్లటి పొక్కు కడుతుంది. నీళ్ళు కాచిన గిన్నె అడుగున సున్నపు పొర పేరుకుంటుంది. తాగేనీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటరాదనీ, వేరే నీటివసతి లేనప్పుడు 600 వరకు ఫరవాలేదనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది.

ఇంతకూ ఆ నీళ్ళు గీజరులో ఏం చేస్తాయి? చల్లగా ఉన్నంతసేపు కాల్షియం నీటిలో బైకార్బొనేటు రూపంలో కరిగే ఉంటుంది. వేడి తగలగానే అది విడిపోయి సున్నపురాయిగా మారి, అన్నిటికంటే వేడిగా ఉన్నచోట, అంటే ఎలిమెంటుమీద అంటుకుంటుంది. ఒక చిన్న లెక్క వేసి చూడండి. మీ బోరు నీటి కఠినత్వం లీటరుకు 400 మిల్లీగ్రాములనుకుందాం. ఇంట్లో అందరికీ కలిపి రోజుకు 60 లీటర్ల నీళ్ళు గీజరు గుండా వెళ్ళాయనుకుందాం. రోజుకు 24 గ్రాముల సున్నం ఆ డబ్బాలోంచి వెళుతుంది. అందులో పదోవంతు మాత్రమే లోపల అంటుకున్నా, ఏడాది తిరిగేసరికి 870 గ్రాములకు పైగా తేలుతుంది. కిలోకు కొంచెం తక్కువ! ఇక మూడు నాలుగేళ్ళు మూత విప్పి చూడని గీజరు సంగతి మీరే ఊహించుకోండి.

ఈ సున్నం కరెంటు ఖర్చుతో పోయే తంటా కాదు. పెచ్చు కట్టిన ఎలిమెంటు తన వేడిని నీళ్ళకు వెంటనే ఇవ్వలేక తానే కాగిపోతుంది. కాగి కాగి దాని పైతొడుగు పగులుతుంది. పగులులోంచి కరెంటు నీళ్ళలోకి వస్తుంది. అదే సున్నం సేఫ్టీ వాల్వు నోరు కూడా మూసేస్తుంది. అంటే రెండు కాపలాలను ఒకే దొంగ దెబ్బతీస్తున్నాడన్నమాట.

మొదటి కాపలా: ఎర్తు

2022 అక్టోబరులో హైదరాబాదు నగరంలోనే ఒక ఇంటి స్నానాల గదిలో గీజరు నుంచి కరెంటు తగిలి భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకరిని కాపాడబోయి రెండవవారూ బలయి ఉంటారని అప్పట్లో అనుకున్నారు. ఇటువంటి వార్త చదివినప్పుడు అయ్యో అనుకుంటాం. మన ఇంటి గీజరును మాత్రం పరీక్ష చేయించుకోం.

"కుళాయి ముట్టుకుంటే కొంచెం జివ్వుమంటుందండీ, అంతే" అని తేలిగ్గా తీసిపారేసేవారిని మీరూ చూసే ఉంటారు. ఆ జివ్వుమనడమే మొదటి హెచ్చరిక. పొడిచేతికి జివ్వుమన్న కరెంటు, తడిసిన ఒంటిమీద ప్రాణాంతకమవుతుంది. తడి చర్మం కరెంటును ఆపలేదు. పైగా కాళ్ళకింద నీళ్ళు.

"మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా" అని మీరనవచ్చు. ఎం.సి.బి. కాపాడేది వైరును, మిమ్మల్ని కాదు. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి పెట్టే ఎం.సి.బి. సాధారణంగా 16 ఆంపియర్లది. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియరులో పదోవంతు చాలు. అంత స్వల్పమైన కరెంటు మీ ఒంటిగుండా పోతున్నదని ఎం.సి.బి.కి తెలియనే తెలియదు. ఆ పని చేసేది ఆర్.సి.సి.బి. దీన్నే కొందరు ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ పాత అలవాటుగా ఇ.ఎల్.సి.బి. అంటారు. 30 మిల్లీ ఆంపియర్ల రకం అడిగి తెచ్చుకోండి. వెళ్ళిన కరెంటులో అంతమాత్రం తిరిగి రాకపోయినా క్షణంలో వందోవంతుల్లోనే సరఫరా తెంచేస్తుంది. దానిమీద "టి" అన్న అక్షరంతో చిన్న బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్లే.

ఇక్కడ పాత ఇళ్ళవారు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. నలభై యేళ్ళ కిందట కట్టిన ఇళ్ళల్లో నీళ్ళకు జి.ఐ. పైపులు వేసేవారు. ఆ ఇనుప పైపు భూమిలోకి దిగి ఉంటుంది గదా అని, కొందరు ఎర్తు వైరును దానికే చుట్టి ఊరుకునేవారు. తర్వాత పైపులు తుప్పుపట్టి, వాటిని తీసేసి ప్లాస్టిక్ పైపులు వేయించారు. ప్లాస్టిక్ గుండా కరెంటు పోదు. అంటే కొత్త పైపు వేసిననాడే ఆ ఇంటి ఎర్తు పోయింది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే గీజరు ఎప్పటిలాగే నీళ్ళు కాస్తూనే ఉంటుంది! మీ ఇంట్లో పైపులు మార్పించి ఉంటే, ఎర్తు వైరు ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. ఎర్తు గుంట ఉన్నవారు వేసవిలో అది ఎండిపోకుండా అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుండండి. అపార్టుమెంటులో ఉన్నవారు సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తండి.

స్విచ్చి విషయం కూడా చూడండి. తీగలు అటూ ఇటూ అయి స్విచ్చి న్యూట్రలుకు పడితే, ఆఫ్ చేసినా డబ్బాలో కరెంటు ఉంటుంది. రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్చి వేయిస్తే ఆ బెడద ఉండదు. ఆ తర్వాత నీళ్ళు కాగాక స్విచ్చి ఆపి, అప్పుడు స్నానానికి వెళ్ళడం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటుకు పైసా ఖర్చు లేదు. 15 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 2,000 వాట్ల గీజరుకు ఇరవై నిమిషాలు పైచిలుకు పడుతుంది. ఆ లెక్కన ముందుగా వేసుకుంటే తొందర ఉండదు.

బకెట్‌లో వేసే హీటరు రాడ్డు వాడేవారికి ఒకే ఒక్క మాట. ప్లగ్గు పీకేసిన తర్వాతే నీళ్ళలో వేలు పెట్టండి. కాగాయో లేదో చూద్దామని ముందే పెట్టకండి. పిల్లలు తిరిగేచోట రాడ్డు వేసి వంటింట్లోకి వెళ్ళకండి.

రెండవ కాపలా: సేఫ్టీ వాల్వు

నీళ్ళు కాగితే పెరుగుతాయి. 15 లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు పావులీటరు ఎక్కువవుతాయి. మూసిన ఇనుప డబ్బాలో ఆ పావులీటరు ఎక్కడికి పోవాలి? వెనక్కు తిరిగి ట్యాంకు పైపులోకైనా పోవాలి, లేదా సేఫ్టీ వాల్వులోంచి చుక్కలు చుక్కలుగా కారాలి. కనుక గీజరు వేసినప్పుడు కింది వాల్వునుంచి కొద్దిగా నీళ్ళు కారడం రోగం కాదు, ఆరోగ్య లక్షణం.

కాని మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? "గీజరు కారుతోంది బాబూ, టైల్సు పాడవుతున్నాయి" అని ఇంటావిడ ప్లంబరును పిలుస్తుంది. పని తెలిసినవాడైతే వాల్వు విప్పి, సున్నం శుభ్రం చేసి, అవసరమైతే కొత్తది వేస్తాడు. తెలియనివాడు "అదెంత పనమ్మా, ఒక డమ్మీ పెట్టేస్తా" అని దాని నోటికి బిరడా బిగించి వెళ్ళిపోతాడు. కారడం ఆగింది, ఇంటావిడకు సంతోషం. ఇకమీదట ఆ గీజరు బాంబుతో సమానం. థర్మోస్టాటు మీద కూడా సున్నం పట్టి అది కట్టివేయడం మానేసిందా, నీళ్ళు మరిగి ఆవిరి అవుతాయి. నీరు ఆవిరైతే మామూలు పీడనం వద్ద దాదాపు 1,600 రెట్ల చోటు కావాలి. దారి లేకపోతే డబ్బా పగులుతుంది.

కాబట్టి ఎవరెంత చెప్పినా సేఫ్టీ వాల్వుకు డమ్మీ పెట్టించకండి. కారే నీళ్ళు గోడకు తగలకుండా చిన్న గొట్టం తొడిగి బకెట్‌లోకి వదిలితే చాలు. ఆ గొట్టం కొస మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. పాత ఇళ్ళల్లో గీజరు నుంచి మిద్దెమీదికి ఒక వెంటు పైపు లేచి, ట్యాంకుకంటే ఎత్తున తెరిచి ఉంటుంది. పిట్టలు గూడు పెడుతున్నాయనో, చూడటానికి బాగాలేదనో దానికి మూత బిగించకూడదు.

వేడినీళ్ళ పైపు ఏ రకమో కూడా తెలుసుకోండి. మామూలు పి.వి.సి. పైపు చన్నీళ్ళకు మాత్రమే పనికివస్తుంది. వేడికి మెత్తబడి అతుకులు ఊడిపోతాయి. వేడినీళ్ళకు సి.పి.వి.సి. గాని, లోహపు పైపు గాని వేయించాలి.

మూడవ కాపలా: కిటికీ

కరెంటు ఖర్చు తగ్గుతుందని కొందరు గ్యాసు గీజరు పెట్టించుకుంటున్నారు. బటను తిప్పగానే వేడినీళ్ళు ధారగా వస్తాయి. నిజమే. కాని గ్యాసు మండాలంటే గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది ఒకపట్టాన వదలదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, అయినా మెదడుకు ప్రాణవాయువు అందదు.

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళు తేలిపోయినట్లుండడం కనబడతాయి. "పొద్దున్నే ఏమీ తినలేదు కదా, అందుకే" అనుకుంటారు. తలుపు తీసి బయటకు రావాలన్న ఆలోచన వచ్చేసరికి లేచే శక్తి ఉండదు. స్నానానికి వెళ్ళినవారు ఎంతసేపటికీ రాకపోతే ఇంట్లోవారు తలుపు బద్దలు కొట్టవలసి వస్తుంది.

మన అపార్టుమెంట్లలో స్నానాల గది ఎంత? అయిదడుగులూ ఏడడుగులూ. దాని వెంటిలేటరు ఇరుకైన డక్టులోకి తెరుచుకుంటుంది. చలికాలం గాలి వస్తుందనీ, దోమలు వస్తాయనీ దానికి అట్టముక్కో, గాజుపలకో అడ్డం పెడతారు. సరిగ్గా గ్యాసు గీజరు ఎక్కువగా వాడే రోజుల్లోనే గాలి దారి మూసేస్తున్నామన్నమాట!

కనుక గ్యాసు గీజరును స్నానాల గదిలో పెట్టనే పెట్టకండి. బయట, గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనో, వెనక వసారాలోనో బిగించి, వేడినీళ్ళను పైపు ద్వారా లోపలికి తెచ్చుకోండి. సిలిండరు కూడా బయటే ఉండాలి. గీజరు ఇప్పటికే లోపల ఉంటే బయటకు మార్పించేదాకా దాని కింద నిలబడి స్నానం చేయకండి. తలుపు, కిటికీ బార్లా తెరిచి బకెట్లు నింపుకుని, గ్యాసు కట్టేసి, గది గాలి మారిన తర్వాత వెళ్ళండి. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా, మసి వదులుతూ ఉంటే ఆ రోజే ఆపి మెకానిక్‌ను పిలవండి. చలికి తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారికీ ఇదే ప్రమాదం ఉందని మరవకండి.

వేడి ఎంత ఉండాలి?

60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద పడితే అయిదు సెకన్లలోనే చర్మం లోతుగా కాలుతుంది. పసివాళ్ళ చర్మం పలుచన కనుక అంతకంటే ముందే కాలుతుంది. అలాగని గీజరులో నీళ్ళను ఎప్పుడూ గోరువెచ్చగానే నిలవ ఉంచడమూ మంచిది కాదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక సమావేశానికి వెళ్ళిన మాజీ సైనికులు ఎందరో న్యుమోనియా వంటి జబ్బుతో మంచానపడ్డారు, పలువురు మరణించారు. మరుసటి ఏడాది దానికి కారణమైన లీజియోనెల్లా అనే బాక్టీరియాను కనుగొన్నారు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నిలవ నీళ్ళలో అది పెరుగుతుంది. సన్నటి తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. 60 డిగ్రీల వేడికి బతకదు.

ఈ రెండిటికీ మధ్యేమార్గం మన బకెట్ స్నానమే. గీజరులో 60 డిగ్రీల వరకు కాగనివ్వండి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, ఆ తర్వాత వేడినీళ్ళు కలపండి. ముందు వేడినీళ్ళు పట్టి, చన్నీళ్ళకోసం అటు తిరిగేలోగా పిల్లవాడు బకెట్‌లో చేయి పెట్టేస్తాడు. కలిపిన నీళ్ళను మోచేత్తో చూసి అప్పుడు పిల్లలకు పోయండి. మధుమేహంవల్ల పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియదు. వారి నీళ్ళు వేరొకరు చూసి ఇవ్వాలి. రక్తపోటు మందులు వేసుకునే వృద్ధులు బాగా వేడినీళ్ళు పోసుకుంటే రక్తనాళాలు సడలి కళ్ళు తిరగవచ్చు. వారికి ఒక పీట వేసి, లోపలి గడియ పెట్టుకోవద్దని చెప్పండి. ఊరు వెళ్ళి పదిరోజుల తర్వాత తిరిగివస్తే గీజరు నీళ్ళను పూర్తిగా కాగనిచ్చి, పారబోసి, కొత్తవి పట్టుకోండి.

తొందరగా మరుగుతాయని గీజరు నీళ్ళతో టీ పెట్టడం, అన్నానికి ఎసరు పెట్టడం కూడదు. అడుగున చేరిన సున్నం, తుప్పు అందులో ఉంటాయి. పారిశ్రామికవాడల పక్కన బోరు నీళ్ళను పరీక్ష చేయించకుండా అసలు తాగకూడదు. కాచితే క్రిములు చస్తాయి గాని లోహాలు, ఫ్లోరైడు, నైట్రేటు పోవు.

చలికాలానికి ముందే చేయించండి

దసరాకు ఇల్లు దులిపించినట్లే, గీజరుకూ ఏడాదికొకసారి ఒక పూట కేటాయించండి. మెకానిక్ వచ్చినప్పుడు పక్కన నిలబడి ఈ పనులు చేయించుకోండి.

1. డబ్బా విప్పి ఎలిమెంటు, థర్మోస్టాటు గొట్టం మీది సున్నం తీయించండి.
2. లోపల తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది. సగానికి పైగా అరిగితే మార్పించండి. బోరు నీళ్ళకు ఇది త్వరగా అరుగుతుంది.
3. సేఫ్టీ వాల్వు మీట ఎత్తి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే కొత్తది వేయించండి.
4. ఎర్తు, ఆర్.సి.సి.బి. పరీక్ష చేయించండి. ప్లగ్గు వేడెక్కి నల్లబడి ఉంటే 16 ఆంపియర్లది కొత్తది వేయించండి.
5. వెంటిలేటరుకు అడ్డం పెట్టినవన్నీ తీసేయండి.

వీలున్నవారు మిద్దెమీద చిన్న ట్యాంకు విడిగా పెట్టి, గీజరుకు జలమండలి నీళ్ళు మాత్రమే వెళ్ళేటట్లు చేసుకుంటే సున్నం బాధ చాలావరకు తగ్గుతుంది. గీజరులో పెచ్చులు చిటపటమంటున్నా, షవరులో తెల్లటి పొట్టు రాలుతున్నా ఏడాది ఆగకుండా వెంటనే శుభ్రం చేయించండి. సున్నం పోతుందని మీరే యాసిడ్ పోయకండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు.

ప్రమాదం జరిగితే

కరెంటు తగిలినవారిని ఉత్తచేతులతో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడిగా ఉన్నచోట నిలబడి, పొడి కర్రతో విడదీయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య రెండు చేతులతో బలంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ 108కు ఫోను చేయించండి. గ్యాసు గీజరున్న గదిలో ఎవరైనా పడిపోతే గ్యాసు కట్టేసి, తలుపులు తెరిచి, వారిని ఆరుబయటకు తెచ్చి 108ని పిలవండి. తేరుకున్నట్లు కనబడినా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి, ఆక్సిజన్ పెట్టవలసి ఉంటుంది. వేడినీళ్ళు పడి కాలితే ఇరవై నిమిషాలపాటు చల్లటి కుళాయి నీళ్ళు ధారగా పోయండి. మంచుగడ్డ, పసుపు, సిరా, పళ్ళపేస్టు రాయకండి. బొబ్బలు చిదపకండి.

గీజరు కొనేటప్పుడు ఎన్ని లీటర్లో, ఎన్ని నక్షత్రాలో అడుగుతాం. కొన్న తర్వాత ఏడాదికొకసారి దాని మూత విప్పించడం మాత్రం మరచిపోతాం. ఈ వారం ఆదివారం నాడు తీరిక చేసుకుని మీ స్నానాల గదిలోకి ఒకసారి వెళ్ళి తలెత్తి చూడండి. ఎర్తు ఉందా, వాల్వు నోరు తెరిచి ఉందా, కిటికీలోంచి గాలి వస్తోందా? మూడింటికీ ఔనని జవాబు వస్తే హాయిగా వేడినీళ్ళు పోసుకోండి. ఒక్కదానికి కాదని వచ్చినా, అది బాగయ్యేవరకు గీజరు ముట్టుకోక, పొయ్యిమీద కాచిన నీళ్ళతో సరిపెట్టుకోండి.